పురిటి గదిలో అర్థశాస్త్రం

బాలింత పుస్తకం చదివితే కళ్ళు పోతాయని మా అమ్మ నమ్మకం. పాప పుట్టిన మూడో రోజునే నా అర్థశాస్త్రం పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేసింది. దూరవిద్య డిగ్రీలో నాకు మిగిలింది ఆ ఒక్క పేపరే. అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి పరీక్ష రాజాంలో, సరిగ్గా పురిటి పంతొమ్మిదో రోజున పడింది. ఇరవై ఒక్క రోజుల దాకా బాలింత గడప దాటకూడదు.

పాతపట్నం దగ్గరున్న మా అత్తవారిది పెళ్ళయినప్పటి నుంచీ ఒకటే మాట. "ముందు డిగ్రీ పాసవనీ, ఉజ్జోగం సంగతి తర్వాత సూద్దాం." ఆ ఇంట్లోంచి రోజూ కాసేపైనా బయటపడడానికి నాకు కనిపించిన దారి ఆ డిగ్రీ ఒక్కటే.

ఎండాకాలం. కిటికీ మూసేసి, చెవుల్లో దూది కుక్కి, తలకి గుడ్డ కట్టి, పూటపూటా సాంబ్రాణి పొగ వేసేది అమ్మ. ఊపిరాడేది కాదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక అరిచాను.

"ఈ పరీక్ష పోయిందంటే నా ఉసురు నీకే తగుల్తాదమ్మా!"

అమ్మ సాంబ్రాణి పొగ కింద పెట్టింది. తర్వాత బేరానికి దిగింది. "రోజుకొక్క పేజీ. ఏ పేజీ కావాలో ముందే సెప్పు. ఆ కాయితం ఊడదీసి ఇత్తాను, సదివీసి ఇచ్చీయాల." అమ్మకి అక్షరాలు రావు కానీ, సంతలో కూరగాయలు అమ్మీ అమ్మీ అంకెలు బాగానే వచ్చు.

మొదటి రోజు విషయసూచిక అడిగాను. రెండో రోజుకి చిక్కు వచ్చిపడింది. ఏ పేజీ అడగాలి? నాకేం రాదో తెలిస్తే కదా అడగడానికి! ఆ పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఐదుసార్లు చదివాను. ఎర్ర పెన్నుతో గీసి గీసి గీత లేని వాక్యం మిగల్చలేదు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కో పాఠం పేరూ తలుచుకుంటే రెండు ముక్కలు కూడా రాలేదు. సిగ్గేసింది. రెండుసార్లు తప్పింది తెలివి లేక కాదు, చదవడం చేతకాక. ఆ సంగతి నాకు ఆ నులకమంచం మీద తెలిసింది.

ఇక పొద్దున్నే ఒక పాఠం ఎంచుకుని పాపకి పైకే చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆగిపోతే ఆ పేజీ అడిగేదాన్ని. ఓ రోజు డిమాండ్ సూత్రం చెబుతున్నాను. ధర తగ్గితే ఎక్కువ కొంటారు, పెరిగితే తక్కువ కొంటారు. గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న అమ్మ తలెత్తింది.

"అలాగేటి రాసినారు? మరి నిరుడు మన వంకాయలు పుచ్చిపోతే సగం ధరకి ఇత్తానన్నా ఎవులూ కొన్లేదేటి?"

"నీకేం తెలుసు, ఊరుకో" అని కసిరాను.

మర్నాడు ఆ పేజీయే అడిగాను. సూత్రం మొదట్లోనే ఉంది: 'ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే.' ఐదుసార్లూ దాని కింద గీత గీశాను, ఒక్కసారీ దాన్ని పట్టించుకోలేదు. పుచ్చిన వంకాయకి ధర ఒక్కటే మారలేదు, సరుకే మారిపోయింది. అమ్మకి అలాగే చెప్పాను.

"అలా సెప్పు మరి" అంది.

ఆ తర్వాత నేను పాఠం మొదలెడితే చాలు, అమ్మ వచ్చి కూర్చునేది. ఎందుకు, ఎలాగ, మన ఊళ్ళో అలా జరగలేదే అని పీక్కుతినేది. నేను నీళ్ళు నమిలిన చోటల్లా మర్నాటి పేజీ అయ్యేది. విసుక్కున్నాను, తిట్టాను కూడా. కానీ అంత బాగా నేనెప్పుడూ చదవలేదు.

పరీక్ష రోజున దెబ్బలాటకి సిద్ధపడి లేచాను. అమ్మ అప్పటికే పాపని గుడ్డలో చుట్టి ఎత్తుకుని ఉంది.

"కళ్ళు పోతాయన్నావుగా?"

"పెశ్నలెంతుంటాయి, ఓ కాయితం. అంత సదివితే పోవులే. నడు, ఆటో వచ్చీసింది."

మూడు గంటలు పాపతో కాలేజీ వరండాలో కూర్చుంది.

ఫలితాలు వచ్చేసరికి నేను అత్తవారింట్లో ఉన్నాను. మా ఆయన సెల్‌లో చూసి పాసయ్యావన్నాడు. మా అత్త సంతోషించింది. ఉద్యోగం మాట ఎత్తేసరికి "పిల్ల ఎదగనీ, అప్పుడు సూద్దాం" అంది.

అమ్మకి ఫోన్ చేసి పాసయ్యానని మాత్రం చెప్పాను. అమ్మ ముక్కు చీదింది. ప్రశ్నలు ఏ పాఠాల్లోంచి వచ్చాయో అడిగింది, అన్నీ చెప్పాను. తర్వాత అంది: "అయితే ఇంక నిన్ను బయటికి ఎల్లనిస్తారేటి?"

పాప ఏడుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాప నిద్రపోతోంది.