తువ్వాల కింద మూడు వేల ఏళ్ళు

మా బావ తులసీరాంకు భూమ్మీద గుండ్రంగా ఏది కనబడినా అది మూడు వేల ఏళ్ళ నాటి సమాధే. కనబడడమంటే మామూలు కంటికి కాదు. ఫోన్లో, ఉపగ్రహం తీసిన పటంలో, పైనుంచి కనబడాలి. ఎదురుగా మా అక్క ప్రసూనాంబ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడితే కనబడదు గానీ, ఒకసారి మా బంగారుపాళ్యం నడిబొడ్డున నల్లటి గుండ్రటి ఆకారమొకటి కనిపెట్టి, అన్నం మానేసి మరీ దాని చుట్టూ ఎర్ర గీత గీశాడు. తీరా చూస్తే అది తన మిద్దె మీది నీళ్ళ ట్యాంకు.

"అదీ సంగతి! యాడనో సూసినట్టుండాదే అనుకున్నా," అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

బావకు హైవే పక్కన బోరు మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. పనిలో మంచి పేరే. ఆయన పాడైపోయింది మాత్రం 'పైనుంచి చూడు' అనే వాట్సాప్ గ్రూపులో చేరినప్పటి నుంచి. అందులో ఆడే ఆట ఏమిటంటే, పటంలో పాత కోటో, గోడో, సమాధో అనిపించిన చోటును గీత గీసి గ్రూపులో పెట్టాలి. అక్కడికి పోయి ఫోటోలు తీసుకురావాలి. తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే జెస్సీ మేడమ్ ఆ గ్రూపుకు పెద్ద. ఆమె వచ్చి కళ్ళారా చూసి అవునంటే గెలిచినట్టు. ఆమె చూసేదాకా ఆ చోట ఎవరూ రాయి కూడా కదిలించకూడదని ఆట నియమం. మా బావ ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు.

గెలవకపోతే ఆ సిగ్గు ఆయన పడాలి. కానీ సిగ్గనేది ఆయన ఒంట్లో లేదు. ఆయన పడాల్సిందంతా నా వాటాకు వచ్చింది. ఎందుకంటే ఆదివారం పొద్దున బండి వెనక కూర్చునేది నేను. పైగా నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా నా దగ్గర చదువుకున్నవాడు ఒకడైనా ఎదురొచ్చి నమస్కారం పెడతాడు.

మొదటిసారి నన్ను తీసుకుపోయింది వరుసగా ఉన్న దిబ్బల దగ్గరికి. "రాజుల సమాధులు బామ్మర్దీ! కుటుంబమంతా ఈడనే ఉండారు!" అన్నాడు దోవపొడుగునా. అవి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు పారబోసిన మామిడి టెంకల కుప్పలు. రాజుల సంగతి తెలియదు గానీ ఈగలు మాత్రం కుటుంబాలతో సహా ఉన్నాయి. వాచ్‌మన్ వచ్చి, "ఏం సార్, టెంకలు కావాల్నా?" అని నన్నే అడిగాడు.

రెండోది గుట్ట వెనక రాతి వలయం. తీరా పోతే గొర్రెల దొడ్డి. గొర్రెలు కూడా మమ్మల్ని అదోలా చూశాయి.

"దీన్ని ఎవురు కట్టినారప్పా?" అని బావ ఆ గొర్రెల కాపరిని అడిగాడు.

"మా నాయన కట్టినాడు సామీ."

"మీ నాయన వయసెంత?"

"మూడు వేలైతే ల్యా సామీ," అన్నాడతను. బావ పేరు అప్పటికే గుట్ట దాటిపోయిందన్నమాట.

ఇంకోసారి వలయం మధ్యలో ఏదో గీత కనబడిందని పొంగిపోయాడు. "లిపి బామ్మర్దీ, లిపి! రాత దొరికినాదంటే గ్రూపంతా గుటకలు మింగల్సిందే!" పోయి చూస్తే అది ఎవరో పెద్దాయన హెలికాప్టరు దిగడానికి వేసిన చోటు. ఆ లిపి ఇంగ్లీషు 'హెచ్' అక్షరం. ఆ మాట చెబితే, "అప్పట్లోనే వాళ్ళకి ఇంగ్లీషు వచ్చునేమో, నీకేం తెలుసు?" అని నన్నే గదమాయించాడు. అక్కడున్న పోలీసు నా శిష్యుడు. వాడు నవ్వు ఆపుకోవడానికి పడిన తంటాలు చూసి నాకు సిగ్గుతో చెమటలు పోశాయి.

అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బండి దిగగానే దగ్గర్లో ఏ చెట్టుందో, ఏ గోడుందో చూసుకుని దాని వెనక నిలబడిపోవడం. ఆయన పైనుంచి సమాధులు వెతికితే నేను కిందినుంచి చాటు వెతికేవాణ్ణి.

పోయిన వేసవిలో ఐరాల పక్కన ఒక చేలో రాళ్ళ వలయం దొరికింది. "ఈసారి తప్పదు. సుట్టూ రాళ్ళు, మద్దెలో దిబ్బ. అచ్చం పాండవుల గుడి!" అన్నాడు. మా వైపు పాతకాలపు రాతి సమాధులను పాండవుల గుళ్ళంటారు.

చేను దేవకమ్మ అనే పెద్దామెది. మేం పోయేసరికి ఆమె కొడుకు మునిప్రసాద్ గట్టు మీద నిలబడి జేసీబీ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. చేనంతా చదును చేయించి, వానలు పడగానే మామిడి మొక్కలు నాటాలని అతని ఆలోచన. అతను కూడా నా శిష్యుడే. "సార్, మీరేంది ఈ ఎండలో?" అన్నాడు. "ఊరికే, గాలికి," అని చెప్పి నేను మోటారు షెడ్డు వెనక్కి పోయాను.

అక్కడినుంచి మాటలు వినబడవు, మనుషులు మాత్రం కనబడతారు. బావ రాళ్ళ చుట్టూ తిరిగాడు. వంగి ఒక రాయిని తడిమి చూశాడు. దేవకమ్మ ఆయన దగ్గరికి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. నవ్వుతోందనుకున్నాను. బావను చూసి నవ్వనివాళ్ళు ఎవరు గనక! ఇంతలో బావ భుజం మీది తువ్వాల తీసి ఆ రాతి మీద పరిచి, దాని మీద కూర్చుని పెద్దగా అరిచాడు.

"మునిప్రసాదూ! ఆ జేసీబీని ఆడనే ఆపు! ఇది మూడు వేల ఏండ్ల నాటిది!"

"ఏందీ, ఈ రాళ్ళా?"

"తిరపతి నించి పెద్ద మేడమ్ వచ్చి సూసేదాకా ఒక్క రాయి గూడా కదిలించగూడదు. రూలు ఉండాది!"

మునిప్రసాద్ నేరుగా షెడ్డు వెనక్కి వచ్చాడు. "సార్, మీరు సెప్పండి. నిజంగా రూలు ఉండాదా?"

"ఉంది," అన్నాను. అది ఆట రూలని చెప్పడానికి నోరు రాలేదు. లెక్కల మాస్టరు ఆదివారంపూట రాళ్ళాట ఆడుతున్నాడని శిష్యుడితో ఎలా చెప్పుకోను? అతను భయపడి ఆ వలయం వదిలేసి మిగతా చేను చదును చేయించుకున్నాడు.

మామూలుగా అయితే బావ ఆ సాయంత్రమే జెస్సీ మేడమ్‌ను రమ్మని ప్రాణం తీయాలి. ఈసారి ఆమే ఫోన్ చేసి వస్తానంటే, ఈయన వద్దంటాడు. "ఎండలు మేడమ్, తట్టుకోలేరు," అన్నాడు. తర్వాత "ఆషాఢం మేడమ్, మంచి పనికి బాగుండదు," అన్నాడు. వానలు పడ్డాక "బురద మేడమ్, కారు దిగబడతాది," అన్నాడు. ఈయనకేదో అయిందని మా అక్క దిష్టి కూడా తీసింది.

చివరకు మేడమ్ చెప్పకుండానే ఒక ఆదివారం వచ్చేసింది. ఆ కబురు ఎలా పాకిందో, మేం పోయేసరికి చేను చుట్టూ జనం. మోటారు షెడ్డు వెనక కూడా మనుషులే, నాకు చోటు లేదు. బావ గబగబా పోయి అదే రాతి మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. మేడమ్ ఒక్కొక్క రాయీ చూసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"తులసీరాం గారూ, కొంచెం లేస్తారా?"

"కాలు పట్టేసినాది మేడమ్."

"పోనీ, ఇటు జరగండి."

"రెండు కాళ్ళూ పట్టేసినాయి మేడమ్."

ఇద్దరు మనుషులు సాయం పట్టి లేపారు. మేడమ్ తువ్వాల తీసింది. రాతి అంచున నున్నగా, గుండ్రంగా ఒక బెజ్జం. మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అది క్వారీలో బండను పగలగొట్టేముందు మిషనుతో వేసే బెజ్జం.

"ఇది డ్రిల్లు వేసిన రాయండీ," అంది మేడమ్, పాపం మెత్తగానే.

"మూడు వేల ఏండ్ల నాడు వాళ్ళ కాడ ఏమేమి మిషన్లు ఉన్యాయో మనకేం తెలుసు మేడమ్?"

జనం ఈలలు వేశారు. ఒకడు గట్టు మీద పడి దొర్లాడు. ఫోన్లలో వీడియోలు తీశారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంత సిగ్గు నేను పుట్టి ఎరగను. మునిప్రసాద్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"ఈ రాళ్ళకా సార్ నేను ఇన్ని దినాలు బయపడినా! తీసేద్దామంటే ఇంగ జేసీబీ యాడ పోతాది? సుట్టూ మొక్కలు నాటేసినా, నిండా నాటుకున్యాయి. పోనీలే, అట్లే ఉండనీ. మాయమ్మ కూసునేదానికి పనికొస్తాయి."

నేను తల వంచుకుని బండి దగ్గరికి పోయాను. వెనకాలే దేవకమ్మ సంచీ నిండా చెనిక్కాయలు పట్టుకుని వచ్చింది.

"మీ బావకు ఇయ్యి నాయనా. ఆయప్ప పుణ్యాన మా సుక్కోడు కదలకుండా ఉండాడు."

"చుక్కోడు ఎవరమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మా కాడెద్దు. నుదుట సుక్క ఉన్నింది. ఇంటాయన పోయినాక వాణ్ణి కట్టుకునే సేద్దెం సేసి నా కొడుకును సదివించినా. వాడు పోయినబ్బుడు పిల్లోడు బెంగుళూరులో ఉన్యాడు. నేనూ మా తమ్ముడూ పసుపు కుంకం పెట్టి ఆడనే పూడ్సి, సుట్టూ క్వారీ రాళ్ళు నాటినాము. ఎద్దు కోసరం ఏడస్తా ఉండాను, ఆ తావు తవ్వద్దురా అని కన్నకొడుక్కి సెప్పుకోను సిగ్గయినాది. మీ బావ రాయి తడిమినంతనే 'ఇది పాతది గాదుకదమ్మా' అన్యాడు. అబ్బుడు సెప్పి ఏడ్సినా. 'నువ్వు నోరు తెరవద్దు, నేను సూసుకుంటా' అన్యాడు."

ఆ రోజు షెడ్డు చాటునుంచి నేను చూసింది నవ్వు కాదు.

ఇంటికి వస్తూ బండి మీద అడిగాను. "బెజ్జం సంగతి ముందే తెలుసా బావా?"

"తడిమినబ్బుడే ఏలు దూరినాది, తెలవకుండా యాడికి పోతాది?"

"మరి అంతమందిలో..."

"మొక్కలు నాటుకునేదాకా నిలిపితే సాలు అనుకున్నా. నిలబడినాది." బండి గేరు మార్చి అన్నాడు. "నవ్వించుకోవడం నాకు అలవాటే బామ్మర్దీ. ఆయమ్మకు అలవాటు ల్యా గదా."

"రూలుందని అబద్ధం చెప్పావుగా?"

"అబద్దమేందీ? ఉండాది అన్నా. ఎవురి రూలో వాడు అడగలా. నువ్వు గూడా ఉండాదనే అన్యావే!"

ఇన్నాళ్ళూ ఈయన వెనక కూర్చుని పడిన సిగ్గుకంటే ఆ పూట నన్ను చూసుకుని నేను పడిన సిగ్గే నాకు ఎక్కువ నచ్చింది. గ్రూపులో మాత్రం ఆయన పేరు పక్కన మళ్ళీ ఓటమే పడింది. ఇంటింటా ఆ వీడియో చూసి ఇప్పటికీ నవ్వుతున్నారు.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఫోన్ నా ముఖం మీద పెట్టాడు. నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. ఆయన్ను సంతోషపెడదామని ఒకటికి రెండుసార్లు చూసి, "ఇది కచ్చితంగా మూడు వేల ఏళ్ళ నాటిదే బావా," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నీకు బొత్తిగా సూపు ల్యా బామ్మర్దీ. ఇది మన మిద్దె మీది ట్యాంకు గదప్పా. సూడాల్సింది దాని పక్కది. ఎక్కు బండి."

ఎక్కేముందు ఒక్క నిమిషం ఆగమని, లోపలికి పోయి నేనూ భుజాన ఒక తువ్వాల వేసుకొచ్చాను.