మామా ఎన్నికల్లో నిలబడింది

కువైట్‌లో ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చిన కొత్తలో మా మామా ఎన్నికల్లో నిలబడింది. అక్కడ మాలాంటి పనివాళ్ళు ఇంటావిణ్ణి మామా అనీ, ఆవిడ భర్తని బాబా అనీ పిలుస్తారు. నేను అమలాపురం పక్క పల్లె నించి వెళ్ళి, అప్పటికి కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేస్తున్నాను. డ్రైవరు రాయచోటి సాయిబు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు.

చిక్కేమిటంటే, బాబా పినతండ్రి కొడుకు కూడా అక్కడే నిలబడ్డాడు. గేటుకి ఎడం పక్క మామా బొమ్మ, కుడి పక్క ఆ మరిది బొమ్మ కట్టారు. మరిది బొమ్మే పెద్దది. మామా నిలదీస్తే, "అటువైపు గోడ వెడల్పు ఎక్కువ" అన్నాడు బాబా.

పొద్దున మామాని ప్రచారానికి, సాయంత్రం అదే కారులో బాబాని మరిది ప్రచారం గుడారానికి తీసుకెళ్ళాలి. ఆ మధ్యలో డ్రైవరు సందు చివర ఆగి అద్దం మీద బొమ్మలు మార్చేవాడు. "ఎవురి బొమ్మతో పోతే ఎవురు తిడతారో తెలీడం ల్యాదక్కా" అనేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా మా ఇద్దర్నీ హాల్లో సోఫాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ప్రాక్టీసు చేసేది. ఆ సోఫాలు తుడవడమే గాని వాటిలో కూర్చోవడం మాకదే మొదలు. ఆవిడది పుస్తకాల అరబ్బీ, మాది వంటింటి అరబ్బీ. చెయ్యెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టమంది. ఒకసారి ఆవిడ ఈగని తోలుకుంటే డ్రైవరు గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఒకరోజు, "చప్పట్లు చాలు. ఏదైనా కష్టమైన ప్రశ్న అడగండి, జనం అడుగుతారు" అంది.

నేను, "మామా, మా పాస్‌పోర్టులు మీ బీరువాలో ఎందుకున్నాయి?" అన్నాను.

"అక్కా, నీకేమన్నా పిచ్చి పట్టిందా" అని డ్రైవరు తెలుగులో గొణిగాడు.

మామా మొహం మాత్రం వెలిగిపోయింది. "చాలా మంచి ప్రశ్న అడిగారు సోదరీ. దీనిమీద కమిటీ వేస్తాం" అని, మళ్ళీ అడగమంది. మళ్ళీ అడిగాను. ఈసారి గుండె మీద చెయ్యేసుకుని జవాబు చెప్పింది. అడిగించుకున్నకొద్దీ జవాబు పెరిగి పెరిగి, "గెలిచినా ఓడినా ముందు నా ఇంట్లోనే తిరిగిచ్చేస్తాను" దాకా వచ్చింది.

ఆ మాటే ఆడవాళ్ళ గుడారంలో చెప్పింది. ఏసీ గుడారం, కింద తివాచీలు, పళ్ళేలనిండా అన్నం, దానిమీద మాంసం. వచ్చినవాళ్ళందరి బీరువాల్లోనూ ఎవరివో ఒకరి పాస్‌పోర్టులున్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అన్నం వైపు చూశారు. వెనక టీలు అందిస్తున్న శ్రీలంక, ఫిలిప్పీన్స్ పనిపిల్లలు, నేను మాత్రం కొట్టాం. మాకెవరికీ ఓటు లేదు.

మామా ఓడిపోయింది. మరిదీ ఓడిపోయాడు. బాబా ఇద్దరినీ ఒకే విందులో ఓదార్చాడు. కొన్నాళ్ళు ఆవిడ గదిలోంచి రాలేదు. తరవాత ఒక పొద్దున వంటింట్లోకొచ్చి నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "ఖలాస్, ఇక నీదే" అంది. డ్రైవరుకి వాడిదీ ఇచ్చేసింది. నాకు ఏడుపాగలేదు.

ఏడ్చాక చూసుకుంటే, దాన్ని దాచుకునే చోటు లేదు. నా గదికి తాళం లేదు. బియ్యం డబ్బాలో పెడితే పురుగు కొట్టేస్తుందేమోనని బెంగ. నడుముకి కట్టుకుంటే పొయ్యి దగ్గర చెమటకి అట్ట తడిసిపోయేది. డ్రైవరు తనది కారు సీటు కింద దాచి, కారు రిపేరుకిచ్చినరోజు అన్నం ముట్టలేదు. చివరికి ఇద్దరం కలిసి వెళ్ళాం.

"మామా, ఇవి మళ్ళీ మీ బీరువాలోనే పెట్టండి."

"కుదరదు. అందరిముందూ మాటిచ్చాను."

"మేమే అడుగుతున్నాం కదా మామా."

"రేపు పార్లమెంటు రద్దయి మళ్ళీ నిలబడితే, నా మాటకి విలువేముంటుంది?"

ఆ శుక్రవారం ఫహాహీల్ బజారు నించి ఇద్దరికీ చెరో ఇనపబీరువా తెప్పించింది, నిలువెత్తువి. నా గదిలో అది పట్టాలంటే మంచం బయటపెట్టాల్సొచ్చింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, తాళంచెవి మెళ్ళో వేసుకుని, బీరువా పక్కన కింద చాపమీదే పడుకున్నాను.