మూడో రాడ్డు మీద మూడు గీతలు

భువనగిరి బజారులో మా నాయినది ఔసల దుకాణం. బంగారం, వెండి తప్ప ఇంకో లోహం ఆ గడప తొక్కకూడదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను మోటారు మెకానిక్‌నయ్యాను. అప్పటినుంచి ఎవరైనా "కొడుకు పని నేర్సుకున్నడా?" అని అడిగితే నాయిన తల ఎత్తకుండానే, "లేడు. నా తర్వాత పని తెలిసినోడు లేడు" అనేవాడు. ఒక్క ఇంట్లో తింటూ ఆ మాట వింటుంటే ఒళ్లు మండిపోయేది. నేనేమైనా తక్కువ తిన్నానా, "ముక్కుపుల్లలు చేస్కుంట కూసో" అని విసురుగా లేచి వెళ్లేవాణ్ణి.

అరవైల మొదట్లో ఒక వకీలు సాబు తన చిన్న ఇంగ్లీషు కారును నా షెడ్డుకు తెచ్చాడు. పట్నం బయట, యుద్ధం రోజుల్లో విమానాలు దిగిన పట్టీ మీద కార్ల పందెం పెట్టారు. అందులో ఆ కారు గెలవాలి. అప్పటిదాకా నా చేతిలో పడ్డవన్నీ లారీలు, బస్సులే. వాటి ఇంజన్లు నిదానంగా బరువు లాగుతాయి. ఇదేమో నిమిషానికి ఆరువేల చుట్లు తిరగాలి. నేను మాత్రం లారీ బుద్ధితోనే సామాను ఎంచాను. బరువుంటే గట్టిదని నా లెక్క. పిస్టన్లూ, వాటిని కింది షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్లూ దొరికినవాటిలో దుక్కల్లాంటివి ఏరుకొచ్చాను. ఏది ఏ సిలిండరుదో మరిచిపోకుండా రాడ్ల నడుమ ఆకురాయితో గీతలు పెట్టాను. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా.

చిట్యాల రోడ్డు మీద కారును నిండా తొక్కి చూశాం. ఢామ్మని మూడో రాడ్డు విరిగి, ఇంజన్ గోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది. రోడ్డంతా నూనె. వకీలు సాబు అరవలేదు. అరిచినా బాగుండేది.

"మిస్త్రీ, పందానికి నెలరోజులున్నయి. ఇంకో ఇంజన్ తెప్పిస్త. గది కూడ పోతే బండి పట్నం షెడ్డుకు పోతది, గంతే," అన్నాడు.

సామాను అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇంటికెళ్లి, విరిగిన ముక్కలను అరుగు మీద విసిరికొట్టాను. నాయిన బట్టతో పట్టుకుని ఒక ముక్క తీశాడు. కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గీ గీతలు ఎవడు పెట్టిండ్రా?"

"నేనే. గుర్తుకు."

"సూడు, నడిమి గీత కాడ్నే ఇరిగింది. తీగ మీద ఏడ గీత పడ్తె గాడ్నే తెగుతది. గింత తెల్వదా?"

"గది ఉక్కు నాయినా, నీ ముక్కుపుల్ల గాదు!"

"ఉక్కయితేంది? గన్నిసార్లు గుంజి వత్తితే దానికీ పాణం ఇసుగుతది."

రెండు వెండి తీగలు తీశాడు. ఒకదాని మీద గోటి మందం గీత గీశాడు. రెంటినీ అటూ ఇటూ వంచమని నా చేతికిచ్చాడు. గీత ఉన్నది చూస్తుండగానే తెగింది. రెండోది వంచీ వంచీ నా వేళ్లు నొప్పి పుట్టాయి. తప్పు అమ్మినవాడిది కాదు, నాది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటి నుంచి నాయిన నన్ను వదిలితే ఒట్టు. బరువెంత ఉంటే రాడ్డు మీద గుంజుడు అంత అని, పోత పోసినవి మాని కొట్టి చేసిన తేలికైన రాడ్లే ఎంపిక చేశాం. ఒక్కోదాన్ని దారానికి వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, ఖంగున పలకనిదాన్ని లోపల పగులుందని పక్కన పెట్టాడు. మిగిలినవాటికి గరుకన్నది లేకుండా నిలువునా మెరుగు పెట్టించాడు. చివరికి తన గడప లోపల బట్ట పరిచి, వెండి తూచే త్రాసులో ఇనుము పెట్టనిచ్చాడు! రాడ్లు నాలుగూ, పిస్టన్లు నాలుగూ సమానంగా తూగాలి. గురిగింజంత తేడా వచ్చినా మళ్లీ రుద్దమనేవాడు.

"ఇగ చాలు నాయినా!"

"ఏం చాలు? పెండ్లిపిల్లకు ఒక కడెం బరువు, ఒక కడెం తేలిక ఇస్తనా?"

పందెం నాడు దుకాణం మూయనని నాయిన రాలేదు. పట్టీ మీద మా కారు ఆరువేలు దాటి పాడింది. అవును, పాడిందనే అంటాను. పట్నం బండ్లు ఒక్కొక్కటే వెనకపడ్డాయి. ఆఖరి చుట్టులో అందరికన్నా ముందు మాదే. వకీలు సాబు దిగి, నూనె చేతులతో ఉన్న నన్ను అట్లాగే కౌగిలించుకున్నాడు. నేను ఏడ్చాను, నవ్వాను, ఏదేదో అరిచాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

మరుసటి వారం ఇంజన్ విప్పి, మూడో రాడ్డును తుడిచి దుకాణానికి తీసుకెళ్లాను. నాయిన దాని పొడవునా గోరు జరిపాడు. ఎక్కడా తగలలేదు. కడియాల కోసం వచ్చిన ఒక అవ్వ వంగి చూసి, "ఏందయ్య గది, వెండిదా?" అంది.

"ఇనుమే, అవ్వా. మా పోరడు చేసిండు."

"గట్లనా! గయితే నీ తర్వాత పని తెలిసినోడు ఉన్నడన్నట్టు."

నాయిన తల ఎత్తి నా వైపు చూశాడు.

"ఉన్నడు," అన్నాడు.