ఎర్రబోరులో మారని జాబితా

మొన్న ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కుయ్యిమని అరవడం మొదలుపెట్టగానే రుక్మిణి మేడం గుర్తొచ్చారు. బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్ ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగానికి ఆవిడే పెద్ద. నేను ఆవిడ కింద ఉద్యోగిని. ఆవిడది ఆంధ్ర, నాది బస్తర్ దక్షిణాన తెలుగు మాట్లాడే గొల్లపల్లి. నా యాస విని నవ్వేవారు. పని తప్పితే మాత్రం నవ్వేవారు కాదు.

ఆసుపత్రి వెబ్‌సైట్‌లో రోజూ రోగుల జాబితా పెట్టేవాళ్లం. ఊళ్లలోని పాత కంప్యూటర్లలో అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయని, జాబితాను అచ్చు తీసి, స్కాన్ చేసి బొమ్మగా ఎక్కించేవాళ్లం. మా దిక్కునే ఉన్న ఎర్రబోరు ఊరి నెట్ సెంటర్లో ఆ పేజీ తెరుచుకునేలోగా చాయ్ తాగి రావచ్చు. మేడం ఒక ఉపాయం చెప్పారు.

"బొమ్మలన్నీ ఒకసారి తెచ్చుకున్నాక బ్రౌజర్ తన దగ్గరే దాచుకునేలా పెట్టు. నెల రోజులు మళ్లీ మనల్ని అడగదు. కానీ బొమ్మ మారితే ఫైలు పేరు మార్చాలయ్యా. లేకపోతే పాతదే చూపిస్తుంది."

అలాగే అన్నాను. పేజీ చకచకా తెరుచుకుంది, నేను తెగ మురిసిపోయాను. జాబితా ఫైలు పేరు మాత్రం మార్చలేదు. పేరు మారిస్తే రోజూ పేజీ లోపల కూడా విప్పి మార్చాలి, అదీ బద్ధకం. నా కంప్యూటర్లో దాచుకున్న పాత బొమ్మలు తుడిచేసి చూసుకునేవాణ్ణి కాబట్టి నాకెప్పుడూ కొత్తదే కనిపించేది.

ఆ వానాకాలం గనిలో మట్టిచరియ విరిగిపడింది. దెబ్బలు తగిలినవాళ్లలో ఎర్రబోరు సోమయ్య ఒకడు. ఆ సాయంత్రం అతని పేరు వార్డు జాబితాలో ఎక్కించాను; ఎర్రబోరు కంప్యూటర్లో పాత బొమ్మకు నెల గడువు ఆ రోజే తీరి, ఈ బొమ్మ చేరి కూర్చుంది. మర్నాడు పొద్దున్నే పోయాడు. అతని పేరు మృతుల కిందికి మార్చి, మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే ఖననం చేస్తామని రాసి ఎక్కించాను. అతనిచ్చిన ఫోను నంబరు కలవలేదు. గడువు దాటాక తోటి కూలీలే పూడ్చిపెట్టారు.

ఆ మర్నాడు అతని భార్య లచ్చమ్మ వచ్చింది, సంచిలో ఉతికిన లుంగీ, చొక్కా పెట్టుకుని. విషయం చెప్పిన నర్సు ఆమెను మా గదికి తీసుకొచ్చింది.

"ఏంది సారూ ఇది? నిన్న గూడ నెట్ల చూసిన. వార్డుల ఆయన పేరుండె. బస్సులు లెవ్వు, వాన తగ్గినంక పోదామనుకున్న."

"సర్వర్ ఖరాబైందమ్మా..." అని మొదలుపెట్టాను.

"సర్వర్ బాగానే ఉంది," అన్నారు మేడం. నావైపు చూడలేదు. "తప్పు మాది తల్లీ. నీకు పాత కాగితం చూపించాం."

"ఎవరు జేసిండ్రు?"

మేడం అప్పుడు నావైపు తిరిగారు. చెప్పాల్సింది నేనని అర్థమైంది. "నేనే," అన్నాను. "ఫైలు పేరు మార్చలే."

నా మాట తీరు విని లచ్చమ్మ తలెత్తింది. "నువ్వు మా దిక్కోనివే గదా," అంది. "సచ్చిపోయిండని తెలిస్తే నడిచన్నా వస్తుంటి. ఒక్కపారి మొగం జూసుకుంటుంటి."

మేడం దగ్గర నేర్చుకున్న కంప్యూటర్ పని చాలావరకు పాతబడిపోయింది. ఇవాళ్టికీ పొరపాటు జరిగితే నా నోటికి ముందు సర్వరే వస్తుంది. దాన్ని మింగి, నేనే అంటాను. లచ్చమ్మ ఆ రోజు నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో చూపించమంది, అంతే.