మిరప చేతులతో విన్న నవల

అద్దంకి బస్సులో నా పక్కన కూర్చున్నామె నా చేతిలోని అద్దె నవల అట్ట చూసి, "ఇది బాగుంటదమ్మాయ్" అంది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ప్రేమ నవలల విషయంలో నా మాటకు తిరుగులేదనుకునేదాన్ని.

"ఏం బాగండీ? హీరోకి కారు, బంగళా, ముక్కుమీద కోపం. పదో పేజీకే ముగింపు తెలిసిపోయింది" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు.

"ముగింపు మాకూ ముందే తెలిసిందిలే. మిరపకాయలకి తొడిమలు తీస్తా విన్నాం. చదువొచ్చిన పిల్ల చదివిద్ది, దాని వాటా కాయలు మేం తీస్తాం. ఆ చేతుల్తో కళ్ళు ముట్టుకోకూడదని మాకు తెలవదా? అయినా ఇందులో ఆ అమ్మాయి ఉత్తరం రాసిపెట్టి ఎళ్ళిపోయేకాడ, నలుగురం మర్చిపోయి కళ్ళు తుడిచేసుకున్నాం. సాయంత్రందాకా ఒకటే మంట!"

అలా అని పెద్దగా నవ్వింది. తన ఊరు రాగానే దిగిపోయింది. నేను నవల మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను.

ఇప్పటికీ నవలల గురించి గట్టిగానే మాట్లాడతాను. కాకపోతే, బాగుందనే ముందు ఒక్కసారి ఆమెకు చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకుంటాను.

గొప్పవని పేరున్న చాలా నవలలకు ఆమె చెయ్యి కాయల మీంచి కళ్ళదాకా లేవదు.