కుంకం తాగిన తుపాకి

మా ఇంట్లో ఆయుధ పూజ అంటే మగ్గానికి, పోగు తోసే నాడెలకు, కత్తెరకు, నాయన మోపెడ్‌కు. ఈసారి కొత్తగా ఒక రైఫిల్ చేరింది. చెల్లెలిది. అంటే బడిది. శనివారం ఆదోనిలో జిల్లా జట్టుకు ఎంపికలుండాయని, ఇంటికాడ సాధన చేసుకొమ్మని ఆటల సారు నాయనతో సంతకం పెట్టించుకుని ఇచ్చినాడు. బడి మొత్తానికి ఉండేది అదొక్కటే.

గాలితో కాలే రైఫిల్ అది. కింద లీవరును మూడు సార్లు పంపు కొడితే లోపల గాలి నిండుతుంది. ట్రిగ్గరు నొక్కితే ఆ గాలి పెసరగింజంత సీసం గుండును తోస్తుంది. సైకిల్ పంపును డిగ్రీ చదివిస్తే ఇట్లే తయారవుతుంది.

ఎమ్మిగనూరులో మా వీధికి తుపాకి కొత్త. మొదటి రోజు పక్కింటాయన తలుపేసుకున్నాడు. రెండో రోజు తలుపు తీసి, "కోతులను కొడతావా పాపా?" అని బేరానికొచ్చినాడు. చెల్లెలు కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టనని చెప్పింది. ఆయనకు ఆ చదువు మీద నమ్మకం పోయింది.

పూజ చేసేది అవ్వ, అంటే నాయన తల్లి. ఆమె ఏ వస్తువుకూ సగం బొట్టు పెట్టి వదలదు. రైఫిల్ లీవరు తెరిపించి, కింద కనబడిన చిన్న రంధ్రాన్ని చూసి, "దీన్నెందుకు మరిచిపోయినారు పాపం" అని కుంకం దండిగా అద్దింది. అది పంపు గాలి పీల్చుకునే రంధ్రం. ఆమెకు తెలీదు. లీవరు తెరిచి పట్టుకున్న మనిషికీ తెలీదు. ఆ మనిషి ఎవరో తరువాత చెప్తాను.

మరునాడు పొద్దున చెల్లెలు మగ్గం షెడ్డు వెనక గోడకు ఇసుక మూటలు పేర్చి, ముందర అట్ట మీద కాగితం అంటించింది. మూడు పంపులు కొట్టి కాల్చింది. రోజూ టప్పుమనేది ఆ రోజు ఉస్సుమనింది. గుండు అట్ట దాకా కూడా పోకుండా దారిలోనే పడుకుంది.

"అన్నా, గాలి నిలబడ్డంలేదు" అనింది. ఏడ్చే రకం కాదు. వేళ్ల మీద లెక్కబెట్టింది. "ఎల్లుండే శనివారం."

అమ్మ వెంటనే ఉరుకుంద ఈరన్నకు మొక్కుకునింది. "అమా, స్వామి సంగతి స్వామి చూసుకుంటాడు, ముందు స్క్రూడ్రైవరు యాడుందో సెప్పు" అన్నాను. అని, ఊరికే ఉండలేక మగ్గానికేసే నూనె సీసా తెచ్చినాను. చెల్లెలు నా చేతి మీద ఒకటిచ్చింది.

"ఆ నూనె పోస్తే లోపల రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. సిలికాన్ నూనె, అదీ రెండు చుక్కలు, అంతే."

"తెలుసులే. నిన్ను పరీక్ష చేస్తాండాను."

"మూత తీసి వంచి పరీక్ష చేస్తావా?"

ఈ గలాటకు నాయన మగ్గం గుంతలోనుంచి లేచి వచ్చినాడు. ఆయన తుపాకి ముట్టలేదు. ఒకటే అడిగినాడు: "గాలి యాడినుంచి పోతాంది?"

ఎవరమూ చూడలేదు. అందరం బాధపడేదానిలో తీరికలేకుండా ఉన్నాము.

నాయన ఒక నూలు పోగు తెంచి పొడుగాటి చీపురు పుల్ల కొసకు కట్టినాడు. చెల్లెలు గుండు వేయకుండా, గొట్టాన్ని ఇసుక మూటల వైపు పెట్టి పంపు కొట్టింది. నాయన పక్కన నిలబడి పోగును లీవరు కాడ పట్టినాడు. కదల్లేదు. గొట్టం మూతి ముందర పట్టినాడు. పోగు తలాడించింది.

"ఈడ పోతాంది సూడు."

ముప్పై ఏండ్లుగా తెగిన పోగును వెతికే మనిషి, పోగుతోనే జబ్బు పట్టుకున్నాడు. నేను నూనె సీసాకు మూత బిగించినాను.

"అయితే గాలిని బయటికి ఇడిసే మూత సరిగా కూర్చోలేదు. ఏదో అడ్డం పడింది నాయనా" అని చెల్లెలు చెప్పింది. విప్పేముందు ఉత్త గాలితో కాల్చి చూద్దామని, ఏం బయటపడుతుందో తెలియాలని గొట్టం ముందర తెల్లగుడ్డ కట్టింది. కాల్చింది. గుడ్డ మీద గుండ్రంగా ఒక ఎర్ర చుక్క పడింది.

అవ్వ రెండు చేతులూ జోడించింది. "అమ్మవారు!"

"అమ్మవారు కాదవ్వా, నువ్వు" అన్నాను.

"లీవరు పట్టుకున్నది నువ్వు కదరా?" అనింది అవ్వ.

చెల్లెలు నావైపు తిరిగింది. చేతిలో రైఫిల్ ఉన్న ఆడపిల్ల అట్లా తిరిగితే ఎంత ధైర్యవంతుడైనా చీపురు పుల్ల వెనక దాక్కుంటాడు.

రంధ్రం చుట్టూ కుంకం తుడిచి, మళ్లీ మళ్లీ ఉత్త గాలి కాల్చింది. చుక్క ఎరుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి ఏమీ లేనిదానికి వచ్చింది. పంపు వాషరుకు సిలికాన్ నూనె రెండు చుక్కలు, మూడోది కాదు. మళ్లీ మూడు పంపులు. నాయన పోగు పట్టినాడు. అందరం ఊపిరి బిగబట్టినాము. భయంతో కాదు, మా ఊపిరికే పోగు కదిలితే లెక్క తప్పుతుందని. కదల్లేదు. ఈసారి గుండు వేసి కాల్చింది. టప్. కాగితం మీద నల్ల చుక్క లోపలే తూటు పడింది.

శనివారం ఆదోని బస్సులో కండక్టరు పొడుగాటి సంచి చూసి, "ఏముందప్పా దాంట్లో, వీణా?" అన్నాడు. అవునన్నాను. వాయించమంటే కష్టమని చెల్లెలు కిటికీ వైపు తిరిగింది.

ఆడ కొందరి రైఫిళ్లు అద్దంలా మెరుస్తాండాయి. మాదాని కట్టె పిడి మీద పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. చెల్లెలు ఎవరి దాన్నీ చూడలేదు. ప్రతి గుండుకూ అవే మూడు పంపులు, అదే బలం, అదే నిదానం. నేను మూడుసార్లు నీళ్లు తాగి, రెండుసార్లు చెప్పు తెంపుకున్నాను. సాయంత్రం జట్టు పేర్లు చదివినారు. ఆమె పేరు చదివినారు. నేనేమీ గట్టిగా అరవలేదు. పక్కనున్న వాళ్లు చెవులు మూసుకున్నది వేరే కారణానికి అయ్యుండాల.

తిరుగు బస్సులో అదే కండక్టరు. "వీణ కాదన్నా, రైఫిల్. మా చెల్లెలు జిల్లా జట్టులో ఉంది" అని అడక్కుండానే చెప్పినాను. డ్రైవరుకు వినపడలేదేమోనని ముందుకు పోయి ఇంకోసారి చెప్పినాను.

నాయన ఆమె కాల్చిన కాగితాన్ని మగ్గం ఎదురు గోడకు కొట్టినాడు. తాను నేసిన చీర ఒక్కటీ ఆ గోడ మీద ఎప్పుడూ పెట్టుకోలేదు.

అవ్వ మాత్రం కుంకం పెట్టినందుకే పాప గెలిచిందని వీధంతా చెప్పుకొచ్చింది. ఎవరమూ కాదనలేదు. చెల్లెలు రైఫిల్ తెచ్చి, గాలి రంధ్రంలో దూది కుక్కి, కుంకం భరిణ అవ్వ చేతికిచ్చి కట్టె పిడి చూపించింది.

"ఈడ పెట్టవ్వా. ఎంత కావాలంటే అంత."

లీవరు పట్టుకొమ్మని నన్ను ఎవరూ అడగలేదు.