యూదుల బడికి ఆవకాయ వచ్చిన రోజు

మొన్న మేముండే ఈ పరాయి దేశంలోనే, పాసిర్ రిస్ అనే పేటలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో ఆవకాయ వడ్డించారు. అంతే, ఎదురుగా కూర్చున్న గుంటూరు అన్నయ్యగారికి పాత కథ గుర్తొచ్చింది. ఆయన మావారితో కలిసి పనిచేసిన మనిషి. చుట్టరికం ఏమీ లేదు గానీ, ఈ దేశంలో దిగిన కొత్తల్లోనే నేను అన్నయ్యగారూ అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నారు. ఆయన జుట్టు నెరిసింది గానీ కథ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. "మా చెల్లెమ్మ పనిచేసే స్కూలుకి ఆవకాయ పట్టుకెళ్తే, బాంబనుకుని పోలీసుల్ని పిలిచారండీ బాబూ!" అన్నారు. పంక్తంతా విరగబడి నవ్వింది. నేను సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ కథలో ఆయన ఎన్నడూ చెప్పని సగం నా దగ్గరుంది.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. విమానం దిగే తెలుగువాళ్ళలో ప్రోగ్రామర్ కానివాణ్ణి వెతుక్కోవలసి వచ్చేది. మావారు ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసేవారు. సెరంగూన్ ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక నేను యూదులు నడిపే ఒక చిన్న బడిలో సహాయ టీచరుగా చేరాను. మా ఐదేళ్ళ అమ్మాయిని కూడా అక్కడే చేర్చుకున్నారు. నెల తిరక్కుండానే అది ఈ ఊరి పిల్లల్లా ఇంగ్లీషు మాట చివర 'లా' తగిలించడం నేర్చేసింది. బయటి నుంచి చూస్తే అది బడిలా ఉండేది కాదు. బోర్డు లేదు. ఎత్తైన గోడ, ఒకదాని వెనక ఒకటి రెండు గేట్లు. మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. హెడ్ టీచర్ పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ జేబునిండా చాక్లెట్లతో తిరిగే పెద్దావిడ. చేరిన రోజే చెప్పింది: ముందుగా కబురు చెయ్యకుండా ఎవరూ రాకూడదు, నీ భర్తయినా సరే. వేరే దేశాల్లో ఇలాంటి బళ్ళ మీదికి తుపాకులతో వచ్చినవాళ్ళున్నారని, గొడుగు మరిచిపోకు అన్నంత మామూలుగా చెప్పింది. ఇంటికొచ్చి మావారికి చెబితే, "అది బడా, జైలా?" అని నవ్వేసి మళ్ళీ కంప్యూటర్లో తల దూర్చారు.

అక్కడ పిల్లలకు ఒక ఆట నేర్పేవారు. ప్రత్యేకమైన గంట ఒకటి మోగగానే అందరూ లోపలి సామాన్ల గదిలోకి వెళ్ళి, గోడకానుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. అందరికంటే నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళు గెలిచినట్టు. మొదటిసారి ఆ ఆట చూసినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అల్లరి చెయ్యాల్సిన పిల్లలకు ఊపిరి బిగబట్టడం నేర్పాల్సి రావడమేమిటి? ఆ కోపం హెడ్ టీచర్ మీద కాదు. ఆవిడ చేత ఆ ఆట కనిపెట్టించిన వాళ్ళ మీద.

ఒకరోజు అన్నయ్యగారు సెలవు ముగించుకుని గుంటూరు నుంచి దిగారు. మా అత్తగారు ఆయన చేతికి ఆవకాయ ఇచ్చి పంపారు. ఊరగాయని విమానం ఎక్కించే మన పద్ధతి తెలిసిందే కదా: డబ్బా మీద పాలిథిన్ కవర్లు, వాటి మీద పాత తువ్వాలు, దాని మీద అట్టలా కనబడేదాకా బ్రౌన్ టేపు, ఆపైన పురికొస. ఆయన్ని అప్పుడు మా బడి దగ్గర్లోని వేరే ఆఫీసుకు వేశారు. మావారు ఫోన్లో, "దారిలోనే కదా, స్కూల్లో ఇచ్చేయండి" అన్నారు. నాకు చెప్పలేదు, బడికి చెప్పలేదు. అన్నయ్యగారు వచ్చి, బరువుగా ఉందని మూట గోడవార దించి, బయటికి వెళ్తున్న ఒక తల్లి మర్యాదకి గేటు పట్టుకుంటే చటుక్కున లోపలికి దూరారు. రెండు గేట్ల మధ్య ముక్కూమొహం తెలియని మనిషి, బయట గోడవార టేపు చుట్టిన మూట. గంట మోగింది.

అది ఆట కాదని ఎదురొచ్చిన హెడ్ టీచర్ మొహంలో చూశాను. పిల్లల్ని గదిలోకి తోసి లోపలి నుంచి తాళం వేశాను. మా అమ్మాయి నా ఒళ్ళో, దాని స్నేహితురాలు, ఉంగరాల జుట్టు యూదుల పాప, నా పక్కన. కాసేపటికి గోడ మీది వెంటిలేటర్లోంచి కేకలు వినబడ్డాయి. ఎవరో తెలుగు యాసలో ఇంగ్లీషు అరుస్తున్నారు. నాకు పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. మా అమ్మాయికీ అంతే. "అమ్మా, దట్స్ అంకుల్ లా! ఓపెన్, ఓపెన్!" అని లేవబోయింది. నేను దాని నోరు నొక్కాను. గొంతు ఆయనదే, కానీ ఆయన పక్కన ఎవరున్నారో నాకేం తెలుసు? హెడ్ టీచర్ వచ్చి తీసేదాకా ఎవరు పిలిచినా తీయకూడదు. అప్పుడు ఉంగరాల జుట్టు పాప మా అమ్మాయి చెవిలో చెప్పింది: "కెనాట్ ఓపెన్ లా. మై డాడీ వాయిస్ ఆల్సో కెనాట్." వాళ్ళ నాన్న పిలిచినా తీయకూడదట. ఎవరు నేర్పారని అడిగితే, "మై డాడీ" అంది. కన్నతండ్రి తన గొంతును కూడా నమ్మొద్దని ఐదేళ్ళ కూతురికి నేర్పుకున్నాడు. ఆ పాపను కూడా ఒళ్ళోకి లాక్కున్నాను.

పోలీసులు వచ్చి మూట విప్పారు. ఆవపిండి ఘాటు వరండా దాకా వచ్చిందట. హెడ్ టీచర్ తన తాళంచెవితో గది తెరిచి, ఒక్కొక్క తలా నిమురుకుంటూ పిల్లల్ని బయటికి పంపింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఇవాళ్టికి పచ్చడే," అంది. చాక్లెట్ ఒకటి తీసి, కాగితం విప్పకుండానే మళ్ళీ జేబులో వేసుకుంది. గేటు దగ్గర అన్నయ్యగారు చిందులు తొక్కుతున్నారు. "నేను దొంగలాగా కనబడతన్నానా చెల్లెమ్మా? కాస్త పచ్చడి తెచ్చినందుకు ఇంత అవమానమా?"

"మీ అవమానం ఇంటికెళ్ళి స్నానం చేస్తే పోతుంది అన్నయ్యగారూ. లోపలున్న పిల్లల భయం ఏం చేస్తే పోతుందో చెప్పండి," అన్నాను. ఆయన తన కథలో ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు.

సాయంత్రం మావారు ముందు నవ్వారు, తర్వాత ఆలోచనలో పడ్డారు. అదే కొంప ముంచింది. "వాళ్ళ గొడవలు వాళ్ళవి. మధ్యలో మన పిల్లెందుకు? మార్పించేద్దాం," అన్నారు.

"ఎవడో పిల్లల్ని చంపుతానంటే, మన పిల్లనొక్కదాన్ని పక్కకు లాక్కుని చేతులు దులుపుకుందామా?"

"ముందు మన పిల్లని చూసుకోవద్దూ?"

ఆయన చెడ్డమనిషి కాదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. చెడ్డవాడైతే ఏదో ఒకటి అని నెగ్గేదాన్ని. నిండా ప్రేమతో అడిగిన ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. ఆ ఏడు చివర్లో మా అమ్మాయిని ఇంటి దగ్గరి బడికి మార్చారు. నేను మాత్రం అక్కడే ఉంటానని మొండికేశాను, ఉన్నాను.

మా అమ్మాయి ఆఖరి రోజున ఉంగరాల జుట్టు పాప, ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగింది. మా అమ్మాయి ఉన్నమాట చెప్పేసింది: "మై డాడీ సే హియర్ డేంజరస్ లా." ఆ పాప ఏడవలేదు. నా చీర చెంగు పట్టుకుని లాగి అడిగింది: "ఆంటీ, దెన్ ఐ ఆల్సో గో, కెన్?"

నేను వంగి ఆ పాప బూటు లేసు మళ్ళీ కట్టాను. ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, తనకూ ఆ ఈడు పిల్లలుండి ఉంటారు. కాలమే అన్నిటికీ మందంటారు. ముందు ఆ పాపకు జవాబు చెప్పమనండి ఆ కాలాన్ని.